చెవులపిల్లి దాటిన తీగ

ఆ తీగ ఆనందమ్మ కంటబడింది చెవులపిల్లి వల్లనే. అది రాకపోయి ఉంటే ఆమె మామూలుగా కుంట ఒడ్డు నుంచి లేచి, చీర దులుపుకుని, గట్టెక్కి ఇంటికి పోయేది. పోయేదో, ఎక్కుతూ ఎక్కుతూ అక్కడే ఆగిపోయేదో, ఆ మాట తలుచుకుంటేనే అరికాళ్లు చల్లబడుతున్నాయి. కుందేలు అని పుస్తకాల్లో రాస్తారు, ఆనందమ్మ కూడా అంగన్‌వాడీలో పిల్లలకు బొమ్మ చూపించి కుందేలనే పలికిస్తుంది, మనసులో మాత్రం అది చెవులపిల్లే. తల్లి కుందేలు, మెడ వెనక నల్లమచ్చ ఉన్నది, శనక్కాయ చేలోంచి వచ్చి గట్టు అంచున ఆగింది. చెవులు రెండూ వీపు మీదికి వాల్చుకుంది, తల దించి దేని కిందనుంచో దూరింది, ఇవతలికి వచ్చాక మళ్లీ చెవులు నిలబెట్టింది. దేని కిందనుంచి? అక్కడ కొమ్మ లేదు, కంప లేదు. ఆనందమ్మ కళ్లు చికిలించి చూసింది. కుంకే పొద్దు వెలుగు పడి సన్నటి గీత ఒకటి మెరిసింది, గూటం నుంచి గూటానికి, మోకాలెత్తున, గట్టు పొడుగునా. పందుల తీగ. ఎవరు కట్టారో అడగక్కర్లేదు, చేను మరిది మనోహర్‌ది. ఎందుకు కట్టాడో అడగక్కర్లేదు, పోయిన వారం అడవి పందులు పడి ఊరిన కాయను ఊరినట్టే పెళ్లగించి పోయాయి. అడగాల్సింది ఒక్కటే, దాంట్లో కరెంటు ఉందా లేదా. అది చెప్పేవాళ్లు అక్కడ లేరు.

వచ్చేటప్పుడు ఎట్లా వచ్చింది తను? ఆమె మనసు వచ్చిన దారిలోనే ముందుకీ వెనక్కీ తిరిగింది. ఇది మామూలు కుంట కాదు, ఎప్పుడో నాపరాళ్లు తవ్వి వదిలేసిన గుంత, వానలకు నిండి కుంటయింది. అవతల మూడు పక్కలా నిలువునా చెక్కిన బండ, నీళ్ల లోతు ఎంతో కొలిచినవాళ్లు లేరు. ఇవతల ఒక్క పక్కనే మట్టి జారి వాలుగా ఉంటుంది, జంతువులు నీళ్లకు దిగేది అక్కడే, ఆనందమ్మ కూర్చునేదీ అక్కడే. మోకాళ్ల నొప్పుల మనిషి కాబట్టి ఆమె ఆ వాలు నడిచి దిగదు, బడిపిల్లలు జారుడుబండ మీద జారినట్టు కూర్చుని, వెనక్కి వాలి జారుతుంది. ఈ రోజూ అట్లాగే జారింది. ఎదురు పొద్దు కళ్లలో పడుతోంది. తీగ తల మీదుగా పోయి ఉంటుంది. జానెడు మీదుగానా, బెత్తెడు మీదుగానా? కొప్పుకు తగిలిందా? తగిలి ఉంటే ఈ ఆలోచన చేసేదాన్నా అని ఒకటి అనుకుంది, తగిలిందేమో, అప్పటికి కరెంటు పెట్టలేదేమో అని ఇంకోటి అనుకుంది, అనుకుంటూనే కొప్పు మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. దిగడానికి పనికొచ్చిన దారి ఎక్కడానికి పనికిరాదు. ఎక్కాలంటే నిలబడాలి, నిలబడితే తీగ మోకాళ్లకు అడ్డం. ముందు నుయ్యి వెనక గొయ్యి అని పెద్దలు ఊరికే అనలేదు, ఇక్కడ నుయ్యి వెనక ఉంది, అంతే తేడా. చెప్పులేమో గట్టు మీద ఉన్నాయి, తీగకు అవతల. రబ్బరు చెప్పుల టపటపకు కుందేళ్లు బెదురుతాయని రోజూ అక్కడే విడిచి వస్తుంది. ఫోను ఇంట్లో ఉంది, అదీ ఆ బెదురు కోసమే. రాగానే కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చోవడం అలవాటు, కాళ్లు తడి, కుచ్చిళ్లు మూరెడు మేర తడి.

ఆదివారం గనక. ఇదంతా ఆదివారం గనకనే. పేటలో ఆదివారం ఎవరూ చేలోకి పోరు, మిషను దొరల కాలం నుంచి వస్తున్న కట్టడి అది. ఆనందమ్మ జేజి, అంటే నాయనమ్మ, ఆదివారం పొయ్యి కూడా రాజేసేది కాదు, శనివారం కెలికిన సంగటే మరునాడూ, పుల్లగా, దాని మీద ఊరుమిండి పచ్చడి. పులుపు ఇప్పుడు నోట్లోకి వచ్చింది, వచ్చి ఆరిపోయింది, నోట్లో తడి లేదు. సాయంత్రం ఆరాధనకు గంట కొడితే పేటంతా గుళ్లో ఉంటుంది, చేల మీద నరమానవుడు ఉండడు. తీగ పెట్టే రోజు మగవాళ్లు టీ అంగడి దగ్గర ఒక మాట అనుకుంటారు, ఈ పొద్దు పెడతాండా, జీవాల్ను ఇటు తోలొద్దండి అని. ఆ మాట ఆడవాళ్ల దాకా రాదు, రావాల్సిన పని ఉందని ఎవరికీ తోచదు, ఆదివారం పొద్దుగూకే వేళకు పేట ఆడవాళ్లు ఎక్కడుంటారో అందరికీ తెలిసిందే. మనోహర్ ఆదివారం ఎంచుకున్నది అందుకే. ఎవరికీ ఏమీ కాకూడదని ఎంచుకున్నాడు పాపం. తనేం చేసింది? తలనొప్పని చెప్పి మంచమెక్కింది, గంట మోగి వీధి ఖాళీ అయ్యాక దొంగలా బయల్దేరింది. నిన్న నీటి ఒడ్డు గడ్డిలో రెండు పిల్లల్ని చూసింది, గుప్పెట్లో పట్టేంతవి, కళ్లు తెరిచి రాయిలా కదలకుండా పడుకున్నవి. తల్లి పగలంతా దగ్గరికి రాదు, వస్తే నక్కకు వాసన తెలుస్తుందని భయం, పొద్దు వాలాక ఒక్కసారి వచ్చి పాలిచ్చి పోతుంది. అది వస్తుందో రాదో చూడకపోతే ఆనందమ్మ ప్రాణం ఒప్పుకోలేదు. గుళ్లో స్త్రీల మైత్రి సంఘానికి కార్యదర్శి, ఎన్నేళ్లుగానో ఒక్క ఆరాధన తప్పని మనిషి, చెవులపిల్లి కోసం తప్పింది. దేవుడు చూస్తున్నాడని జేజి అనేది. చూస్తున్నాడు సరే, మరి తీగ చూడలేదా అనుకుని, అనుకున్నందుకు తప్పు తప్పు అని చెంపలేసుకుంది.

గుడి మైకు వినిపిస్తోంది. పాట అయింది, వాక్యం మొదలైంది. మాటలు తెలియడం లేదు, పాస్టరయ్యగారి గొంతు ఎక్కడ పెరుగుతుందో ఎక్కడ తగ్గుతుందో మాత్రం తెలుస్తోంది. వాక్యం తర్వాత ప్రార్థన, ప్రార్థన తర్వాత కానుకల పాట, చివర ఆశీర్వాదం. ఆ ఆశీర్వాదం అయ్యేలోగా ఆనందమ్మ ఈ తీగ దాటాలి. దాటకపోతే కూతురు వస్తుంది. హెప్సిబా గుడి నుంచి ఇంటికి పోతుంది, మంచం ఖాళీగా కనిపిస్తుంది, ఫోను దిండు కింద మోగుతుంది. అమ్మ పొద్దుగూకేటప్పుడు ఎక్కడికి పోతుందో పేటలో తెలిసిన మనిషి అది ఒక్కతే. నవ్వుకుంటూ బయల్దేరుతుంది, దొంగను పట్టుకోబోతున్నానని. గట్టు మీద అమ్మ చెప్పులు కనిపిస్తాయి. చెప్పుల దాకా వస్తుంది, అమ్మ కింద కూర్చుని ఉంటుందని వంగి చూస్తుంది, చూడ్డానికి ఒక్క అడుగు ముందుకేస్తుంది. ఆనందమ్మ అక్కడ ఆలోచన ఆపేసింది. ఆలోచన ఆమె మాట వినలేదు, ఆ ఒక్క అడుగు దగ్గరికే మళ్లీ మళ్లీ వచ్చి నిలబడింది. కేక వేసింది, ఎవరన్నా ఉండారా అని, ఇంకోసారి గట్టిగా. మైకు తన గొంతును మింగేసింది. గాలి కూడా ఊరి నుంచి ఇటే వీస్తోంది. ప్రేమ్ సాగర్ ఉంటే, అనుకుంది. మొగుడు ఎక్కడున్నాడో కళ్ల ముందే ఉంది, కలమల్ల ప్లాంటు పొగగొట్టాల మీద ఎర్ర దీపాలు అప్పుడే వెలిగాయి, ఆ కింద బొగ్గు బెల్టు పక్కన రెండో షిఫ్టులో ఉన్నాడు. రాష్ట్రానికంతా కరెంటు పంపే చోట మొగుడు, నాలుగడుగుల దూరంలో ఉన్న తీగలో అది ఉందో లేదో తెలియని చోట పెళ్లాం. కరెంటుకు రంగూ లేదు వాసనా లేదు, అంటాడు ఆయన అన్నం తింటూ, ఉంటే ఇంతమంది ఎందుకు చస్తారు.

మున్వర్ చచ్చిపోయాడు. మేకల మున్వర్, ఆస్మా మొగుడు. ఆస్మా అంగన్‌వాడీలో ఆయాగా ఆనందమ్మ దగ్గరే పనిచేస్తుంది, గుడ్లు ఉడకబెడుతూ ఉడకబెడుతూ ఆగిపోయి కిటికీలోంచి చూస్తూ ఉంటుంది, నీళ్లు ఇంకిపోయి గుడ్లు పగిలే దాకా. పోయిన వానాకాలం, ఎవరిదో మొక్కజొన్న చేను, చీకటి పడుతుంటే మేక ఒకటి తప్పిపోయిందని వెతుక్కుంటూ పోయాడు. తెల్లారేసరికి చేలో కాదు, రోడ్డు పక్కన పడి ఉన్నాడు. గుండె ఆగిందన్నారు. ఆగింది నిజమే. స్నానం చేయించినవాళ్లు పిక్క మీద కాలిన గీత చూశారు, చూసి గుడ్డ కప్పారు. ఆయప్ప తీగను చూసే ఉంటాడక్కా, అంది ఆస్మా ఒకరోజు, కళ్లుండే మనిషి కదా, చూసే దాటినాడు, ఆయప్ప దాటినాడు గానీ లుంగీ అంచు దాటలేదు, వానకు తడిసి ఉండె. ఆనందమ్మ ఇప్పుడు తన కుచ్చిళ్లు పిండుతోంది. పిండుతున్న సంగతి ఆమెకు తెలియదు, చేతులు వాటంతటవే పిండుతున్నాయి. ఎంత పిండినా చీరలో తడి తడే. చీర విప్పేసి పోతే? లంగా ఉంది, జాకెట్టు ఉంది. సిగ్గు గురించి కాదు, ప్రాణం ముందు సిగ్గేంది, కానీ మోకాలు. కుడికాలు మోకాలెత్తు లేపి, ఆ లేపిన కాలు అవతల ఆనించి, ఎడమకాలు లేపే క్షణం ఒకటి ఉంటుంది. ఒంటికాలి మీద నిలబడే క్షణం. బస్సు ఎక్కేటప్పుడే ఆ క్షణంలో ఎవరో ఒకరు రెక్క పట్టుకోవాలి ఆమెను. ఇక్కడ పట్టుకోవడానికి ఉన్నది తీగ ఒక్కటే.

కుందేలు పిల్లలకు పాలిస్తోంది. మనిషి ఇంత దూరంలో కూర్చుని చెమటలు కక్కుతుంటే దానికి లెక్కలేదు, ఆనందమ్మ వాసన దానికి అలవాటయింది, ఆ అలవాటు కావడానికి ఒక చలికాలం పట్టింది. మొదటిసారి మేకపిల్ల కోసం వచ్చింది ఇక్కడికి. మేకపిల్ల దొరికింది, కానీ ఆమె వెంటనే పోలేదు, ఎదురుగా రెండు చెవులపిల్లులు వెనక్కాళ్ల మీద లేచి ఒకదాన్నొకటి చెంపదెబ్బలు కొట్టుకుంటున్నాయి, తోడికోడళ్ల మాదిరి. నవ్వింది. ఎన్నాళ్లయిందో అట్లా ఒక్కతే కూర్చుని నవ్వి. ఇంట్లో ఆమెను ఎవరూ బాధపెట్టరు, కానీ ఒక్క గంట కూడా ఒదిలిపెట్టరు, అమ్మా అది, వదినా ఇది, టీచరమ్మా ఇంకోటి. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. నక్క వస్తుంది, నీళ్లు తాగుతూ ఒక కన్ను ఆమె మీదే ఉంచి, పోయేటప్పుడు వెనక్కి చూసి మరీ పోతుంది. కౌజుపిట్టలు ఇంటిల్లిపాదీ వరసగా వస్తాయి. ఉడుము బండ మీద ఎండ కాగుతుంది. నెమలి అంత అందగత్తె కూడా నీళ్లు తాగేటప్పుడు కోడి తాగినట్టే తల ఎత్తి మింగుతుంది. ఈ సంగతులు ఆమె ఎవరికీ చెప్పలేదు, హెప్సిబాకు తప్ప. చెబితే మరునాడు ఉచ్చులు పడతాయి. చెవులపిల్లి తినకూడని జంతువని పాతకాలం దొరసానులు నేర్పారు గానీ పేటలో పలావుకు అంతకంటే మంచి కూర లేదంటారు. మనోహర్‌కు చెబితే మొదట వచ్చేది అతనే. చెప్పలేదు. మరి అతనికి తెలుసా? తను రోజూ ఇక్కడ కూర్చుంటుందని మనోహర్‌కు తెలుసా?

ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో ఆనందమ్మకు తెలియదు, వచ్చాక పోలేదు. కుంట పక్క నేల పెద్దోనిదా చిన్నోనిదా అని రెండేళ్ల కిందట అన్నదమ్ముల మధ్య మాట వచ్చింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం మనోహర్. ఆనందమ్మకు తెలిసిన కుందేళ్లన్నిటికీ నాలుగు కాళ్లున్నా ఆమె ఆ రోజు నోరెత్తలేదు, ప్రేమ్ సాగరే సర్దుకున్నాడు. అంతటితో అయిపోయింది. అయిపోయిందా? తీగ చేను చుట్టూ కట్టుకోవాలి గానీ కుంట దిగే చోట ఎందుకు కట్టాడు? పందులు నీళ్లకు దిగేది ఇక్కడే కాబట్టి. అంతే. ఆదివారం వదిన గుళ్లో ఉంటుంది కాబట్టి. అంతే కదా. హెప్సిబా పుట్టేటప్పుడు తన పురిటికి ప్రొద్దుటూరు ఆసుపత్రికి రాత్రికి రాత్రి ఆటో తోలుకుపోయినవాడు, వదినా అన్న మాటలో ఎప్పుడూ ఒక చిన్న బెరుకు ఉన్నవాడు. మనిషిని ఇట్లా అనుమానించిందంటే భయం తనను ఎంత కిందికి దింపిందో అనుకుంది ఆనందమ్మ. ఇంకా ఎంత కిందికి ఉందో ఆమెకు అప్పటికి తెలియదు.

పొద్దు పూర్తిగా కుంకింది. పాకి పోదాం, అని లేచింది. పాముకు లేని భయం నాకేల అని బోర్లా పడుకుని, మోచేతులు మట్టిలో దిగేసి, వాలు మీదికి పాకింది. గడ్డం నేలకు ఆనింది, నాలుక మీద మట్టి. తల ఎత్తకూడదు. వీపు ఎత్తకూడదు. వీపు ఎంత ఎత్తు ఉంటుందో మనిషికి ఎట్లా తెలుస్తుంది, తన వీపు తను ఎప్పుడు చూసుకుంది? కొంత దూరం పాకాక పైన తీగ ఉందో ఇంకా రాలేదో తెలియలేదు, చీకట్లో గీత కలిసిపోయింది. మెడ మీద వెంట్రుకలు లేచాయి. భయానికి లేచాయా, దగ్గరికొస్తే కరెంటే లేపుతుందా? తీతువుపిట్ట సరిగ్గా అప్పుడే తల మీద అరిచింది, ఆనందమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. మోచేతి కింద మట్టి జారింది. జర్రున కిందికి వచ్చి నీళ్లలో పడింది, నడుం దాకా. ఇప్పుడు తడి లేని చోటే లేదు. ఆమె ఏడ్చింది. పెద్దగా కాదు, గుక్క తిరగని పిల్లలా, హు హు అని.

ప్రార్థన మొదలైంది. ఈసారి మాటలు తెలిశాయి, ఎందుకంటే గొంతు మనోహర్‌ది, అతనిది మైకు అక్కర్లేని గొంతు. చేల కోసం ప్రార్థిస్తున్నాడు, పంటల కోసం, రోగుల కోసం, తలనొప్పితో రాలేకపోయిన మా వదిన కోసం. ఆనందమ్మ ఊపిరి బిగబట్టి వింది. దేవుడి కోసం కాదు, కొక్కెం కోసం. చేనుకు అవతలి కొసన కరెంటు స్తంభం ఉంది, వెదురు కట్టెకు కట్టిన కొక్కెం లైనుకు తగిలిస్తే తీగలోకి వస్తుంది, లాగేస్తే పోతుంది. మధ్యలో కంపచెట్లు, ఇక్కడికి ఏమీ కనబడదు. కొక్కెం వేసి గుడికి పోయాడా, గుడి అయ్యాక వచ్చి వేస్తాడా? వేసి పోయిన మనిషి గొంతు ఇంత నెమ్మదిగా ఉంటుందా? ఉంటుంది. ఎందుకుండదు, రోజూ వేసేవాళ్లు రోజూ అన్నం తినడం లేదా? కరెంటు పోతే బాగుండు, అనుకుంది. ఊళ్లో దీపాలు ఆరితే తీగలోనూ పోయినట్టే, గుడ్డిగా పట్టుకుని దాటేయొచ్చు. జీవితంలో మొదటిసారి కరెంటు పోవాలని మొక్కుకుంది. రోజూ సంగటి కెలికేటప్పుడు పోయే కరెంటు ఆ రోజు పోలేదు. ఊరి మీద దీపాల వెలుగు అట్లాగే ఉంది, చల్లగా, కదలకుండా.

అప్పుడు వచ్చింది ఆ ఆలోచన. చాలాసేపటి నుంచి అక్కడే ఉండి ఇప్పుడు కనిపించింది, తీగ కనిపించినట్టే. కుందేలు తగిలితే తెలుస్తుంది. పాలిచ్చి అది మళ్లీ చేలోకే పోతుంది, ఆ దారినే. నిదానంగా పోతే చెవులు వాల్చుకుని దూరిపోతుంది. బెదిరి దూకితే? దూకితే తగులుతుంది. తగిలి పడిపోతే కరెంటు ఉన్నట్టు, కదలకుండా కూర్చుని కూతురు వచ్చేదాకా అరవాలి. ఏమీ కాకపోతే లేనట్టు, లేచి పోవాలి. అంతే. ఒక్క కుందేలు. ఊళ్లో పలావుకు తింటారు. హెప్సిబా ముందు ఒక్క కుందేలు ఎంత? ఆనందమ్మ చేతిలో గులకరాయి ఉంది. ఎప్పుడు తీసుకుందో తెలియదు. తల్లి కుందేలు పిల్లల మీద నుంచి లేచింది, ముందుకాళ్లతో మూతి తుడుచుకుంది, ఆనందమ్మ వైపు ఒకసారి చూసింది. చీకట్లో కూడా ఆ చూపు తెలిసింది. భయం లేని చూపు, ఒక చలికాలమంతా కదలకుండా కూర్చుని సంపాదించుకున్న చూపు. అది గట్టు దగ్గరికి పోయింది. ఆనందమ్మ రాయి విసిరింది. రాయి పక్కన పడింది, కుందేలు ఎగిరింది, మనిషి నడుమెత్తు ఎగిరింది, తీగ మీదుగానో కిందనుంచో అవతల పడి శనక్కాయ చేలో పరుగు తీసింది. చేను అటూ ఇటూ కదిలింది, ఆగింది. ఏమీ తెలియలేదు. తగిలిందో లేదో తెలియలేదు. తెలిసింది ఒక్కటే, తను ఎట్లాంటిదో. ఆనందమ్మకు తన మీద తనకు అసహ్యం వేసింది, ఆ అసహ్యం కింద భయం ఏమాత్రం తగ్గకుండా అట్లాగే ఉంది. గడ్డిలో పిల్లలు రెండూ రాయిలా పడుకున్నాయి. తల్లి ఇక రేపు వస్తుందో రాదో.

ఆశీర్వాదం అయింది. ఆమేన్ అని గుడంతా ఒక్కసారి అనడం, వెంటనే పెన్‌డ్రైవ్ పాటలు. అవి ఇంకా గట్టిగా పెడతారు, కుర్చీలు సర్దేవాళ్ల హుషారు కోసం. హెప్సిబా మెట్లు దిగుతుంది. చెప్పులు వెతుక్కుంటుంది. స్నేహితురాలు జాహ్నవితో నిలబడి నవ్వుతుంది, ఆ పిల్ల వాగుడుకాయ, నిలబెడుతుంది, నిలబెట్టు తల్లీ, తెల్లవార్లూ నిలబెట్టు. ఇంటి గడి తీస్తుంది. అమ్మా అంటుంది. ఆనందమ్మ ఒక్కొక్క గది దాటించింది కూతుర్ని, వీలైనంత నిదానంగా దాటించింది, మంచినీళ్లు తాగించింది, మొహం కడిగించింది. ఎంత ఆపినా పిల్ల వీధిలోకి వచ్చేసింది. లేచి నిలబడి అరుద్దామని నోరు తెరిచింది. గాలి వచ్చింది, గొంతు రాలేదు. అరిచి, ఏడ్చి, నీళ్లలో నాని, గొంతు పట్టేసింది. గట్టు మీద దూరంగా ఒక వెలుగు కనిపించింది. చిన్నది, తెల్లది, నడిచే మనిషి చేతిలో ఊగినట్టు ఊగుతోంది. ఫోను లైటు. పాడుకుంటూ వస్తోంది, పాట తెలియడం లేదు. వెలుగు చెప్పుల మీద పడి ఆగింది, మళ్లీ కదిలింది. హెప్సీ అనబోయింది, హె దగ్గరే ఆగిపోయింది. దేవుడా అనబోయింది, అదీ రాలేదు. వచ్చింది ఇంకేదో. ఎప్పుడో చిన్నప్పుడు నాయనతో కావలి మంచె మీద పందుల్ని తోలిన కేక, కడుపు అడుగు నుంచి వచ్చేది, మాట కానిది.

"ఓహోయ్."

వెలుగు ఆగిపోయింది. ఆ కేకతోనే ఆనందమ్మ గొంతు విడింది.

"ఎవురాడ?" హెప్సిబా గొంతు సన్నగా వచ్చింది, పిల్ల జడుసుకుంది.

"నేనే పాపా. ఆడనే నిలబడు. అడుగెయ్యొద్దు."

"ఏంది మా నువ్వు, ఆ అరుపేంది. తలనొప్పని పండుకుని ఈడికి..."

"కాళ్ల ముందర తీగ ఉంది. లైటు కిందికి పెట్టు."

వెలుగు కిందికి దిగింది. తీగ తెల్లగా మెరిసింది, దాని వెనకే పిల్ల కాలివేళ్లు, గోళ్లకు వేసుకున్న రంగు కూడా కనిపించింది ఆనందమ్మకు. కాలివేళ్లు నిదానంగా వెనక్కి పోయాయి. ఆమె అప్పుడు కూర్చుండిపోయింది, నీళ్లలోనే. చిన్నాయనకు ఫోన్ చెయ్యి, అంది.

ఫోను స్పీకర్‌లో కూడా అదే పాట మోగింది, ఊళ్లో మోగుతున్నదే, ఒక అర మాత్ర వెనకగా. "చెప్పు పాపా," అన్నాడు మనోహర్. చేను తీగకు కరెంటు పెట్టినావా చిన్నాయనా, అని అడిగింది పిల్ల. పాట వినిపించింది, మనిషి వినిపించలేదు.

"ఎందుకడుగుతాండావు?"

"మా అమ్మ కుంట కాడుంది, తీగకు లోపల."

"ఆదివారం ఆయమ్మ ఆడికెందుకు పొయ్యింది?" అన్నాడు మనోహర్. తర్వాత వేరే గొంతుతో, "కదలొద్దని చెప్పు. ఇద్దరూ కదలొద్దండి. వస్తాండా," అన్నాడు.

పెట్టాడన్న మాట. తెలిసింది. ఇంతసేపూ తెలియాలని చచ్చింది ఆనందమ్మ, తెలిశాక భయం ఇంకా పెరిగింది, ఎందుకంటే ఇప్పుడు వెనక్కి చూసుకుంటే అన్ని చోట్లా అది ఉంది, జారి దిగినప్పుడు కొప్పు పైన, పాకినప్పుడు వీపు పైన, ఎగిరిన కుందేలు కడుపు కింద, పిల్ల కాలివేళ్ల ముందు. తల్లీ కూతుళ్లు చెరొక పక్కా ఉన్నారు. మోటార్ సైకిల్ చప్పుడు వచ్చింది, కంపచెట్ల అవతల ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కేక, "తీసినా వదినా. ఇంక రా, ఏం గాదు." ఆనందమ్మ తీగ వైపు చూసింది. అది ఇందాక ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది.

మనోహర్ రొప్పుతూ వచ్చాడు, గుడికి వేసుకున్న తెల్లచొక్కా కంపకు చిరిగింది. హెప్సిబా తీగను కాలితో తొక్కిపెడదామని కాలెత్తుతుంటే ఆనందమ్మ, తాకొద్దు అంది. ఆ గొంతుకు పిల్ల కాలు వెనక్కి తీసుకుంది.

"తీసినా అంటి గదా వదినా. కొక్కెం కింద పారేసి వచ్చినా. నేనే గదా కట్టింది."

"నువ్వు పట్టుకో ముందర."

మరిదికి ఆమె ఎన్నడూ ఒక పని చెప్పి ఎరగదు, మంచినీళ్లు కూడా అడిగి ఎరగదు. మనోహర్ ఆమె వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు.

"ఏం వదినా, నామీద నమ్మకం లేదా?"

"ఉంది. పట్టుకో."

మనోహర్ చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు, తిప్పి ఇంకోసారి తుడుచుకున్నాడు. వంగాడు. హెప్సిబా చేతిలో లైటు అతని మొహం మీద పడింది. తీగ మీద చెయ్యి వేసే ముందు అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు.